పడిన గుడిని ఎవరు లేపుతారు? ఖాట్మండు లోయలో ఒక రోజు

"మన పూర్వీకులు భూకంపాన్ని తట్టుకునే గుళ్లు కట్టారు, ఇప్పటి ఇంజనీర్లకి అది చేతకాదు" అనే వాట్సాప్ మెసేజ్ మీకూ ఎప్పుడో వచ్చే ఉంటుంది. నాకైతే మా పెదనాన్న నెలకోసారి పంపిస్తారు. అంతెందుకు, పోయినేడాది టెక్ ఫెస్ట్‌లో నేనూ అలాంటి పోస్టరే పెట్టాను. 1213లో కట్టిన రామప్ప గుడి, పునాది కింద ఇసుక పొర, పైన నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు, 2021లో యునెస్కో గుర్తింపు. అన్నీ నిజాలే. కానీ కింద పెద్దక్షరాల్లో "భూకంపాలకే సవాల్" అని రాశాను చూడండి, దాని గురించే ఇప్పుడు చెప్పబోయేది.

మొన్న డిసెంబర్ సెలవుల్లో నేనూ, మెకానికల్ చదివే మా రూమ్మేటూ కలిసి నేపాల్ వెళ్లాం. గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, అక్కణ్నించి రాత్రంతా బస్సు. మన వాళ్లకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. గడియారం మాత్రం పావుగంట ముందుకి తిప్పుకోవాలి. ఖాట్మండు లోయకి మాకున్నది ఒకే ఒక్క రోజు. ఆ లోయలో ఏడు చోట్లని కలిపి 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఖాట్మండు, పాటన్, భక్తపూర్ ఊళ్లలోని మూడు పాత రాజప్రాసాదాల చౌకులు, స్వయంభూ, బౌద్ధనాథ్ స్తూపాలు, పశుపతినాథ్, చంగు నారాయణ్ గుళ్లు. ఒక్క రోజులో ఏడూ కుదరవు కాబట్టి ఐదు చూశాం. మా ప్రశ్న మాత్రం ఒక్కటే. 2015 ఏప్రిల్ 25న ఇక్కడ 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 9,000 మంది పోయారు. మరి ఆ రోజు ఏ గుడి నిలబడింది, ఏది పడింది, ఎందుకు?

ఉదయం 6: పశుపతినాథ్

చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. బాగ్మతి ఒడ్డున పొగమంచు. అది మంచో, ఘాట్ మీద చితుల పొగో మొదట అర్థం కాలేదు. రెండు అంతస్తుల బంగారు పూత కప్పు, వెండి తలుపులు, లోపల నాలుగు ముఖాల లింగం. ఫోటోలు తీయనివ్వరు.

ఇక్కడ మనకి దగ్గరగా అనిపించే సంగతి ఒకటుంది. గర్భగుడిలో పూజ చేసే భట్టులు దక్షిణాది నుంచి వస్తారు, ఇప్పుడు ముఖ్యంగా కర్ణాటక నుంచి. వాళ్లకి సాయంగా ఉండే భండారీలు మాత్రం స్థానికులు. లింగాన్ని ముట్టుకునే హక్కు భట్టులది, భాండారం తాళాల బాధ్యత భండారీలది. ఎక్కడో వెయ్యి మైళ్ల దూరం నుంచి వచ్చిన మనిషీ, ఇక్కడే పుట్టిన మనిషీ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుందన్నమాట.

ఇంజనీరింగ్ సంగతికొస్తే, ఇప్పుడు మనం చూసే గుడి 17వ శతాబ్దం చివర్లో తిరిగి కట్టింది. అంతకుముందున్న గుడిని కూల్చింది శత్రువులూ కాదు, భూకంపమూ కాదు. చెదలు! ఇది విని మా వాడు పగలబడి నవ్వాడు. నేను కూడా నవ్వాను కానీ, తర్వాత రోజంతా ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. మన స్ట్రక్చర్స్ క్లాసులో లోడ్లంటే డెడ్ లోడ్, లైవ్ లోడ్, గాలి, భూకంపం. చెదల గురించి ఒక్క ప్రాబ్లమ్ కూడా చేయలేదు కదా.

2015లో ప్రధానాలయం పెద్దగా దెబ్బతినకుండా బయటపడింది. కానీ ఆ వారం ఈ ఘాట్ల మీద చితులు ఆరలేదు. గుడి నిలబడింది అని సంబరపడే ముందు ఎదురుగా ఉన్న ఈ మెట్ల వైపు కూడా ఒకసారి చూడాలి.

ఉదయం 8:30: బౌద్ధనాథ్

పశుపతి నుంచి అరగంట నడిస్తే బౌద్ధ. ఇరుకు సందులోంచి ఒక్కసారిగా ఆ తెల్లటి గుమ్మటం ముందు పడతారు. నాలుగు వైపులా చూసే కళ్లు, మధ్యలో ముక్కులా కనిపించేది నిజానికి నేపాలీ ఒకటి అంకె. దాని పైన జ్ఞానానికి చేరే 13 దశలకి గుర్తుగా 13 మెట్ల శిఖరం. 1959 తర్వాత టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులు చుట్టుపక్కల స్థిరపడటంతో ఇది పెద్ద టిబెటన్ బౌద్ధ కేంద్రమైంది. పొద్దున్నే ముసలమ్మలు జపమాల తిప్పుకుంటూ ప్రదక్షిణ చేస్తుంటే మేమూ ఆ వరసలో కలిసిపోయాం.

ఇక్కడ అమరావతి గుర్తుకు రాకుండా ఉండదు. పాత ధాన్యకటకం అదే కదా. బుద్ధుడు కాలచక్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల నమ్మకం. వాళ్ల ప్రఖ్యాత మఠం డ్రేపుంగ్ పేరుకి అర్థం 'ధాన్యపు రాశి'. మన ధాన్యకటకమే ఆ పేరుతో టిబెట్ దాకా వెళ్లింది. 2006లో దలైలామా అమరావతికే వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. ఆ అమరావతిలో మనకి ఇప్పుడు మిగిలింది మట్టి దిబ్బా, మ్యూజియాల్లో పంచుకున్న సున్నపురాతి పలకలూ. స్తూపం అంటే జనం చుట్టూ తిరిగేదని నాకు పుస్తకంలో తెలుసు, కాళ్లతో తెలిసింది మాత్రం బౌద్ధలోనే.

భూకంపంలో ఈ గుమ్మటం నిలిచింది, పైన శిఖరం మాత్రం పగుళ్లిచ్చింది. కారణం మనకి తేలిగ్గానే తడుతుంది. స్తూపం లోపల గది ఉండదు, అంతా గట్టి దిబ్బ. బరువంతా కిందే ఉంటుంది, ఊగడానికి ఏమీ లేదు. దాని నెత్తిన సన్నగా లేచిన శిఖరం మాత్రం కొరడా కొసలాగా కొట్టుకుంటుంది. పగిలిన శిఖరాన్ని పూర్తిగా విప్పేసి మళ్లీ కట్టారు. 2016 నవంబర్‌కల్లా పని అయిపోయి స్తూపం తెరుచుకుంది. ఖర్చులో ఎక్కువ భాగం భక్తుల విరాళాలే, కిలోల కొద్దీ బంగారంతో సహా. ప్రభుత్వ చేతిలో ఉన్న కట్టడాలు చాలావాటికి అప్పటికి ఇంకా పని కూడా మొదలవలేదు. ఈ తేడా ఎందుకొచ్చిందో సాయంత్రానికి అర్థమవుతుంది.

ఉదయం 11: భక్తపూర్

బస్సులో గంట ప్రయాణం. భక్తపూర్ ఊరి మొత్తం రంగు ఇటుక రంగే. నేల ఇటుక, గోడ ఇటుక, మధ్యలో నల్లబడిన చెక్క కిటికీలు. ఈ కట్టడాలన్నీ నేవార్ల పనితనం. లోయలో మొదటి నుంచీ ఉన్న జనం వాళ్లు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, బౌద్ధులూ ఉన్నారు, 'రెండూనూ' అనేవాళ్లూ ఉన్నారు. ఖాట్మండులో కుమారిగా ఎంపికయ్యే పాప బౌద్ధ శాక్య కుటుంబం నుంచి వస్తుంది, ఆమెని కొలిచేది తలేజు అనే హిందూ దేవతగా. అందుకే 'ఇది హిందూ గుడా, బౌద్ధ గుడా' అని మేం అడిగినప్పుడల్లా జనం మమ్మల్నే వింతగా చూశారు.

చౌకులోకి వెళ్లగానే న్యాతపోల. ఐదు మెట్ల అరుగుల మీద ఐదు అంతస్తుల కప్పు, దాదాపు 30 మీటర్ల ఎత్తు. 1702లో భూపతీంద్ర మల్ల కట్టించాడు. లోపల సిద్ధిలక్ష్మి అమ్మవారు. మెట్లకి రెండు పక్కలా కింద మల్లులు, ఆపైన ఏనుగులు, సింహాలు, గండభేరుండాల్లాంటి జంతువులు, చిట్టచివర దేవతలు. ఒక్కో జత కింది జతకంటే పది రెట్లు బలమట. జామెట్రిక్ ప్రోగ్రెషన్‌ని ఇంత అందంగా ఎవరూ చెప్పలేదు మాకు.

1934 జనవరిలో వచ్చిన పెద్ద భూకంపంలో భక్తపూర్ చాలా భాగం నేలమట్టమైంది. న్యాతపోల పై అంతస్తు మాత్రం దెబ్బతింటే బాగుచేసుకున్నారు. 2015లోనూ అది స్వల్ప నష్టంతో నిలబడింది. నా పోస్టర్‌కి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. కానీ అక్కడికి నాలుగడుగుల దూరంలోనే దర్బార్ చౌకులో రాతితో కట్టిన వత్సలా దుర్గ గుడి అదే భూకంపంలో కుప్పకూలింది. ఒకే ఊరు, ఒకే రోజు, ఒకే రకం పూర్వీకులు!

అక్కడే అరుగు మీద కూర్చుని, మట్టి మూకుడులో జూజూ ధౌ తింటూ మేం నోట్‌బుక్ తీశాం. జూజూ ధౌ అంటే 'రాజుగారి పెరుగు'. కొంచెం తియ్యగా, చాకుతో కోసేంత గట్టిగా ఉంటుంది. మా వాడు రెండు తిన్నాడు.

అసలు ఈ గుడి ఎలా నిలబడుతుంది?

నేవార్ల పగోడా గుడిని విప్పి చూస్తే ఇలా ఉంటుంది. అడుగున వెడల్పాటి మెట్ల అరుగు. దాని మీద చతురస్రంగా, అన్ని వైపులా సమానంగా లేచే మందపాటి ఇటుక గోడలు. ఇటుకని కలిపేది సిమెంటు కాదు, సున్నం కూడా కాదు, బంకమట్టి. బయటకి కనిపించే వరసకి ఒక వైపు సన్నగా ఉండే ప్రత్యేకమైన ఇటుక వాడతారు. దానివల్ల బయటి నుంచి చూస్తే ఇటుకకీ ఇటుకకీ మధ్య మట్టి కనపడదు, వాన నీరు లోపలికి వెళ్లదు. గోడ మధ్యలో అడ్డంగా చెక్క దూలాల పట్టీలు. బయటకి చాచిన బరువైన కప్పుని ఏటవాలు చెక్క ఊతలు మోస్తాయి. దేవతల బొమ్మలు చెక్కి ఉండేవి వాటి మీదే. చెక్క ఎక్కువగా సాల వృక్షానిది. అతుకుల్లో ఇనుప మేకులు ఉండవు, గూడు తొలిచి దూర్చి చెక్క చీలలు కొడతారు.

ఇందులో మంచేంటంటే, నేల ఊగినప్పుడు ఆ చీలల అతుకులు కొంచెం కదులుతాయి, ఒకదానికొకటి రాసుకుంటాయి. ఆ రాపిడిలో శక్తి కొంత ఖర్చయిపోతుంది. మన భాషలో డ్యాంపింగ్. చెక్క పట్టీలు గోడని నడుం కట్టినట్టు పట్టి ఉంచుతాయి. నాలుగు వైపులా ఒకేలా ఉండటం వల్ల మెలితిరగడం తక్కువ. ఇంకో లాభం ఏమిటంటే, మట్టి పేరు కాబట్టి గోడ పడినా ఇటుకలు పగలకుండా ఊడివస్తాయి, మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటుతో కట్టిన గోడని విప్పి ఇటుక ఏరుకోవడం మీరెప్పుడైనా ప్రయత్నించారా?

చెడు కూడా చెప్పాలి. బంకమట్టికి బలం తక్కువ. గోడ బయటి వరసకీ లోపలి వరసకీ మధ్య ముక్కలు, మట్టీ కలిపి నింపుతారు. రెండు వరసల్నీ కట్టిపడేసేది లేకపోతే ఊపుకి గోడ పొట్ట ఉబ్బినట్టు విడిపోతుంది. కప్పు పెంకుల కింద కూడా మట్టే, అందులో గింజ పడితే మొక్క మొలుస్తుంది, వేరు వెళ్లిన దారిలో నీరు వెళుతుంది, నీరు చేరిన చోట దూలం కొస పుచ్చిపోతుంది. పైకి గుడి బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. అతుకు మాత్రం ఎప్పుడో పోయి ఉంటుంది.

ఇంకో మాట ఉంది. అదృష్టం! ఈ లోయ ఒకప్పుడు సరస్సు. మంజుశ్రీ బోధిసత్వుడు కత్తితో కొండని నరికి నీళ్లు వదిలాడని బౌద్ధుల కథ, ఆ పని కృష్ణుడు చేశాడని హిందువుల కథ. భూగర్భ శాస్త్రం కూడా సరస్సు మాట నిజమే అంటుంది. ఊరి కింద వందల మీటర్ల మందాన మెత్తటి బురద మట్టి ఉంది. 2015లో ఆ మట్టి గిన్నెలో జున్నులాగా నెమ్మదిగా, పెద్దగా ఊగింది. ఒక్కో ఊపుకి నాలుగైదు సెకన్లు పట్టింది. మూడంతస్తుల ఇల్లు తనంతట తాను ఊగడానికి అర సెకను కూడా పట్టదు. రెండింటికీ తాళం కలవలేదు. అందుకే లోయలో చాలా కట్టడాలు భయపడినంతగా కూలలేదు. పాత మట్టి ఇళ్లు పడ్డాయి, ఊళ్లకి ఊళ్లు దెబ్బతిన్నాయి, అది వేరే. కానీ రాబోయే భూకంపం వేరే తాళంలో వస్తే ఏమవుతుందో న్యాతపోల కూడా హామీ ఇవ్వదు. అంటే నిలబడిన గుడిని చూపించి "వాళ్లకి అన్నీ తెలుసు" అనడం, పాసైన వాణ్ని చూపించి "పేపర్ ఈజీ" అనడం లాంటిదే.

అదే చౌకులో చ్యాసిలిన్ మండపం అని ఎనిమిది మూలల కట్టడం ఒకటుంది. 1934లో పూర్తిగా పోయింది. యాభై ఏళ్లకి పైగా ఖాళీ స్థలం. పాత బొమ్మలు చూసి, మిగిలిన పాత స్తంభాలు ఏరుకొచ్చి 1990 ప్రాంతంలో తిరిగి కట్టారు. లోపల మాత్రం ఉక్కు ఫ్రేము దాచారు. 2015లో అది చెక్కుచెదరలేదు. ఉక్కు పెట్టడం తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదిస్తారట. మేం కూడా బస్సెక్కేదాకా వాదించుకున్నాం. "పడకపోతే చాలు కదరా" అని వాడు, "అప్పుడది పాత గుడి ఎలా అవుతుంది" అని నేను.

సాయంత్రం 4: పాటన్

పాటన్ చౌకులో మొదట కనిపించేది కృష్ణ మందిరం. 1637లో సిద్ధి నరసింహ మల్ల కట్టించిన రాతి గుడి, 21 శిఖరాలు, గోడల చుట్టూ రామాయణ, భారత కథలు. రాతి గుడే, ఐనా 2015లో నిలబడింది. దాని పొరుగునే ఉన్న చార్ నారాయణ్, హరిశంకర్ గుళ్లు చెక్కా ఇటుకా కలిపి కట్టినవి, రెండూ నేలకూలాయి. భక్తపూర్లో రాయి పడి చెక్క నిలిస్తే, ఇక్కడ చెక్క పడి రాయి నిలిచింది. కాబట్టి 'చెక్క గొప్పది' అని ఇంకో పోస్టర్ వేసే అవకాశం కూడా పోయింది నాకు.

నన్ను ఆపేసింది తర్వాతి సంగతి. ఆ శనివారం గుళ్లు పడ్డాక చుట్టుపక్కల జనం, పోలీసులు, సైనికులు కలిసి శిథిలాల్లోంచి చెక్కిన దూలాలూ, ఊతలూ, కిటికీ ముక్కలూ దొంగల పాలు కాకుండా ఏరి రాజప్రాసాదం ఆవరణలో దాచారు. ఇళ్లు కూలిన వాళ్లు, ఇంకా భూమి కంపిస్తుండగా! తర్వాత ఏళ్ల తరబడి ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, విరిగినచోట కొత్త చెక్క అతికి, రెండు గుళ్లనీ మళ్లీ లేపారు. ఇప్పుడు దగ్గరికెళ్లి చూస్తే నల్లటి పాత ఊత పక్కన లేత రంగు కొత్త ఊత స్పష్టంగా తెలుస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే ఒక వసారాలో చెక్క చెక్కుతున్న పెద్దాయన కనిపించాడు. "దాయ్" అని పిలిచాం, నేపాలీలో అన్నా అని. మా హైదరాబాదీ హిందీ, ఆయన నేపాలీ హిందీ, మధ్యలో సైగలు. "కొత్త ముక్కకి కూడా రంగేసి పాతదానిలా చేయొచ్చు కదా" అని మా వాడు అడిగాడు. ఆయన చెక్కడం ఆపకుండానే చెప్పింది ఇది: రేపు మళ్లీ విప్పాల్సి వచ్చినవాడికి ఏది ముందుదో ఏది మేం పెట్టిందో తెలియాలి కదా.

"రేపు మళ్లీ విప్పాల్సి వచ్చినవాడు." ఆయన లెక్కలో గుడి పడటం ఎలాగూ ఉంది. దాన్ని కట్టేవాడు కూడా ఉన్నాడు.

రాత్రి 7: కాష్ఠమండపం

చివరి మజిలీ ఖాట్మండు పాత ఊరు. ఊరికి పేరిచ్చిందే ఈ కట్టడం. కాష్ఠమండపం, అంటే చెక్క మండపం. దీన్ని సత్రంగా కట్టారు, దారినపోయేవాళ్లు కూర్చోవడానికి. ఇప్పుడూ లోపల గోరఖ్‌నాథ్ విగ్రహం ఉన్నా, జనం సత్రంలాగే వాడుకుంటారు.

2015 ఏప్రిల్ 25, శనివారం, మధ్యాహ్నం 12కి నాలుగు నిమిషాల ముందు, ఇందులో రక్తదాన శిబిరం జరుగుతోంది. మండపం మొత్తం కూలిపోయింది. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లలో కొందరు అక్కడే చనిపోయారు. నేపాల్లో శనివారం సెలవు. బళ్లు మూసి ఉండబట్టి దేశమంతటా ఎంతోమంది పిల్లలు బతికారు. సెలవు కాబట్టే ఇక్కడ మాత్రం జనం ఉన్నారు.

తర్వాత నేపాల్ పురావస్తు శాఖ, బ్రిటన్‌లోని డర్హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి పునాదులు తవ్వి చూశారు. రెండు విషయాలు తేలాయి. ఒకటి, 12వ శతాబ్దపుదని అందరూ అనుకున్న మండపం పునాది 7వ శతాబ్దం నాటిది. తొమ్మిది గదుల మండలాకారంలో గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంది. రెండోది, మండపాన్ని మోసే నాలుగు ప్రధాన స్తంభాల కింద ఒక్కోదానికీ ఒక పీఠపు రాయి ఉంటుంది, స్తంభం అడుగు అందులో కూర్చోవాలి. గతంలో ఎప్పుడో జరిగిన మరమ్మతు తర్వాత నాలుగింట్లో ఒక స్తంభం తన రాతిలో కూర్చోనేలేదు. పైనుంచి చూస్తే తెలియదు. నాలుగు కాళ్ల మీద నిలబడాల్సింది మూడు కాళ్ల మీద నిలబడి ఉంది, భూకంపం వచ్చేదాకా.

అంటే 7వ శతాబ్దపు మేస్త్రీ తప్పు చేయలేదు. మన కాలానికి దగ్గరివాడెవడో మరమ్మతు పూర్తి చేయకుండా "అయిపోయింది" అన్నాడు. ల్యాబ్ రికార్డులో రీడింగ్ వేసేసి సంతకం పెట్టించుకున్న అనుభవం మనలో ఎవరికి లేదు చెప్పండి? ఆ స్తంభం ముందు నిలబడితే మా ఇద్దరికీ మాట రాలేదు. మండపాన్ని పాత పద్ధతిలోనే మళ్లీ కట్టి 2022లో తెరిచారు. నాలుగు స్తంభాలూ ఇప్పుడు రాళ్లలో కూర్చున్నాయి.

గుఠీ: అసలు యంత్రం ఇదే

చెదల మాటా, బౌద్ధ విరాళాల మాటా, దాయ్ చెప్పిన మాటా కలిపి చూస్తే తేలేది ఇదే. ఈ లోయలో గుళ్లని కాపాడిన అసలు టెక్నాలజీ చెక్క అతుకు కాదు, గుఠీ.

గుఠీ అంటే మన దగ్గర దేవుడి మాన్యం లాంటిది. రాజులూ, వర్తకులూ, మామూలు ఇళ్లవాళ్లూ ఒక గుడి పేర భూమి రాసిస్తారు. ఆ భూమి మీద వచ్చే పంటతో ఏడాదికోసారి కప్పు మీద మొలిచిన మొక్కలు పీకడం, పగిలిన పెంకు మార్చడం, జాతర జరపడం, పండగ రోజు అందరూ కలిసి భోంచేయడం. పని చేయాల్సిన కుటుంబాలు ఒక సంఘంగా ఉంటాయి, వంతులు తిరుగుతాయి. రానివాడికి జరిమానా. చావు కార్యాలు చూసే గుఠీలు కూడా వేరే ఉంటాయి. అంటే మెయింటెనెన్స్ బడ్జెట్, మ్యాన్‌పవర్, షెడ్యూల్, మూడూ కట్టినరోజే ఏర్పాటు చేశారు. వడ్రంగికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది కాబట్టి పనితనం కొడుక్కి అందుతుంది.

1964 చట్టంతో చాలా గుఠీ భూములు ప్రభుత్వ సంస్థ కిందికి వెళ్లాయి. ఆదాయం తగ్గింది, వంతులు తప్పాయి, కప్పుల మీద మొక్కలు పెరిగాయి. 2019లో మిగిలిన గుఠీలని కూడా మార్చే బిల్లు వస్తే వేలాది మంది ఖాట్మండు వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం బిల్లు వెనక్కి తీసుకుంది. భూకంపం తర్వాత రాణీ పోఖరి చెరువు పునర్నిర్మాణంలో కాంక్రీటు వాడుతుంటే జనమే అడ్డుకుని, ఇటుకా మట్టితో కట్టించుకున్నారు. 2020లో అది పూర్తయింది. ఇదంతా భక్తి ఒక్కటే కాదు. తమ తాత వంతు చేసిన పని తమ చేతుల్లోంచి పోకూడదన్న పట్టుదల.

అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. గుఠీల్లో కులాల హెచ్చుతగ్గులున్నాయి, ఆడవాళ్లకి చోటు తక్కువ, ఆ భూములు దున్నే రైతుల కష్టాలు వేరే ఉన్నాయి. పట్నంలో ఉద్యోగం చేసే కుర్రాడు వంతుకి రాలేడు. ఐనా గుడి పడిన సాయంత్రం దూలాలు ఏరడానికి జనం రావడం వెనక ఇలాంటి అలవాటు ఉంది. అది ఆ ఒక్కరోజున పుట్టేది కాదు.

తిరిగొచ్చాక

మా ఊరి గుడికి ఒక చెక్క రథం ఉంది. ఉంది అంటే, రేకుల షెడ్డులో ఉంది. నా చిన్నప్పుడు లాగేవాళ్లు. ఒక చక్రం ఇరుసు దగ్గర పుచ్చిందని ఆపేశారు, ఇప్పుడు ఉత్సవానికి ట్రాక్టర్ ట్రాలీకి పూలు కడుతున్నారు. రథం పని చేసే కుటుంబానికి ఒకప్పుడు మాన్యం ఉండేదని తాతయ్య చెప్పేవారు. ఆ భూమి ఏమైందో ఇప్పుడు ఊళ్లో ఎవరూ సరిగ్గా చెప్పరు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు తాతయ్యని తీసుకుని షెడ్డు తాళం తీయించాను. టార్చ్ వేసి చూస్తే చెదలు ఒక్క చక్రానికే పరిమితం, మిగతాదంతా గట్టిగానే ఉంది. "ఎవరు చేస్తార్రా ఇది ఇప్పుడు?" అన్నారు తాతయ్య. పక్క మండలంలో ఆ కుటుంబం ఆయనొకరు ఉన్నారని, తలుపులు కిటికీలు చేసుకుంటున్నారని తెలిసింది. ఫోన్ చేస్తే, "కొలతలు ఉంటే చెప్పు బాబూ, మా నాన్న చేశాడు గానీ నేను చిన్నోణ్ని అప్పుడు" అన్నారు.

కొలతలు. అది మనకి వచ్చిన పనే కదా. మా వాడూ నేనూ రెండు రోజులు కూర్చుని టేపుతో ప్రతి దూలం, ప్రతి చీల, చక్రం ఆకులు అన్నీ కొలిచి ఆటోక్యాడ్‌లో ఎక్కించాం. ఏది పాతదో, ఏది ఎప్పుడో మార్చిందో వేర్వేరు రంగుల్లో గుర్తుపెట్టాం, దాయ్ చెప్పినట్టే. చక్రానికి కలప, కూలి కలిపి ఎంతవుతుందో ఆయన లెక్క వేసి పంపారు. ఊళ్లో పెద్దలు ఇంకా అవుననలేదు, కాదనలేదు.

టెక్ ఫెస్ట్ మళ్లీ వస్తోంది. ఈసారి కూడా రామప్ప పోస్టర్ పెడతాను, "భూకంపాలకే సవాల్" మాత్రం తీసేస్తున్నాను. పక్కన మా రథం డ్రాయింగ్ ఉంటుంది. మీ ఊళ్లో మండపమో, కోనేరో, దర్గానో, పాత బడో ఇలా షెడ్డులో మగ్గుతున్నది ఏదైనా ఉంటే టేపు పట్టుకుని ఒకసారి కొలిచి తీసుకురండి. క్లబ్బు గోడ మీద చోటుంది.